నలభై ఎనిమిది స్క్రూలు

జూన్ మొదట్లో ఆల్మా వికరీ తుంటి విరిగింది. వాననీళ్ళ ట్యాంకు దగ్గర పాకుడు మీద జారిపడి గంటన్నర అక్కడే పడి ఉంది. ఆసుపత్రి నుంచి తిన్నగా వృద్ధుల సదనానికి తీసుకెళ్ళారు. ఇక ఇంటికి పంపరన్న సంగతి మంచం వేశాక చెప్పారు. ఆ సదనంలో కుక్కల్ని పెంచకూడదు, పిల్లుల్ని పెంచకూడదు, చేపల్నీ పెంచకూడదట. మనుషుల్ని మాత్రం పెంచుతారు, గంట కొట్టి తిండి పెట్టి.

"మేనేజర్ని నువ్వు తీసుకో, నోరీన్. ఎవరికీ ఇవ్వకు," అంది ఆల్మా.

మేనేజర్ అంటే చేప. ఆస్ట్రేలియాలో, మా క్వీన్స్‌లాండ్ వాగుల్లో దొరికే జెల్ల. రెండు జానల పొడవు, మూతి చుట్టూ మీసాలు. సమ్మె రోజుల్లో మా మీదికి పోలీసుల్ని పిలిచిన మేనేజరుకి అచ్చం అలాంటి మీసాలే ఉండేవని ఆల్మా పెట్టిన పేరు అది. తొమ్మిదేళ్ళుగా దానికి రొయ్య ముక్కలు వేస్తూ, రోజూ పొద్దున్నే దాన్ని తిడుతూ బతికింది. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమె తిట్టడానికి మిగిలింది అదొక్కటే.

"అలాగే, నేనే చూసుకుంటా," అన్నాను. నేను ఒక మాట అంటే అన్నట్టే. ఊళ్ళో ఎవర్నైనా అడగండి, ఇష్టం లేనివాళ్ళు కూడా ఆ మాటే చెప్తారు.

మాంసం ఫ్యాక్టరీ ప్యాకింగ్ గదిలో ఇరవై ఆరేళ్ళు కత్తి పట్టాను. అందులో పదహారేళ్ళు యూనియన్ ప్రతినిధిని. బడి చదువు ఏడో క్లాసుతో సరి. కార్మిక చట్టం లైబ్రరీలో కూర్చుని వేలితో ఒక్కో లైను పట్టుకుని నేనే చదువుకున్నాను. పద్నాలుగు వారాల సమ్మె నడిపాను. ఆ పద్నాలుగు వారాలూ రోజుకి రెండు వందల మందికి సూపు కాచింది ఆల్మా. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. కామ్రేడ్లు ఉండేవారు. వాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఆల్మా ఒక్కతే.

తొట్టి గట్టిదే, నాలుగడుగుల గాజు తొట్టి. దాని కింది స్టాండే పోయింది. అది రంపపు పొట్టు అతికించి చేసిన రకం చెక్క. నీళ్ళు తగిలి నానిన రొట్టెలా ఉబ్బింది. కొట్లో అమ్మేవీ అదే సరుకు. అందుకని నేనే చేస్తానన్నాను. అప్పటిదాకా చేపని మా స్నానాల తొట్టిలో వదిలాను. అది అక్కడ హాయిగా ఈదుతుంటే నేను సింకు దగ్గర నిలబడి మగ్గుతో ఒళ్ళు కడుక్కున్నాను. మేనేజర్లకి జరిగే మర్యాద అలాగే ఉంటుంది.

మా ఊళ్ళో రిటైరైన మగవాళ్ళకి ఒక షెడ్డు ఉంది. రంపాలు, చిత్రికలు, బల్లలు అన్నీ అక్కడే. గురువారాలు ఆడవాళ్ళనీ రానిస్తారు. రానివ్వాలని మూడేళ్ళు ఉత్తరాలు రాసి సాధించింది నేనే. సాధించాక ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఎందుకంటే అక్కడ పెద్ద రంపం దగ్గర క్లారీ గ్రెండన్ ఉంటాడు.

సమ్మె విరిచి గేటు దాటినవాణ్ణి మా దగ్గర పక్కు అంటారు. పుండు మీద కట్టే పక్కు. సమ్మె తొమ్మిదో వారంలో, కిటికీలకి ఇనుప జాలీ కొట్టిన బస్సులో పదకొండు మంది లోపలికి పోయారు. పది మంది తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయారు. క్లారీ వెళ్ళలేదు. క్లారీ ఆల్మాకి స్వయానా మరిది, ఆమె చెల్లెలు జాయిస్ మొగుడు. ఆ సాయంత్రం యూనియన్ హాల్లో నేను బల్లెక్కి చెప్పాను: ఈ పదకొండు మందితో ఇక ఎవరూ మాట్లాడరు, వాళ్ళ గడప తొక్కరు, తమ గడప తొక్కనివ్వరు, వాళ్ళ పెళ్ళికీ చావుకీ పోరు. ఎంతకాలం అని ఎవరో అడిగితే, గడువు లేదు అన్నాను. ఆల్మా మొదట చెయ్యెత్తింది.

ఇరవై నాలుగేళ్ళు ఆ మాట నిలిచింది. ఊరికే నిలవలేదు. నిలబెట్టింది నేను.

షెడ్డు చూసుకునేది సాల్వు బుజేయా. మాల్టా వాళ్ళ అబ్బాయి, అబ్బాయంటే డెబ్భై ఒకటి, ఒకప్పుడు చెరకు రైతు.

"ఏం చేద్దామని వచ్చావు తల్లీ?"

"అక్వేరియం స్టాండు."

"ఇదివరకు ఏమన్నా చేశావా? పీటో, బల్లో?"

"సమ్మె చేశా."

"దానికి మూలమట్టం అక్కర్లేదుగా," అంటూ ఒక ఇనుప మూలమట్టం నా చేతిలో పెట్టాడు.

నేను జీవితమంతా కోశాను. కలపడం అనేది ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి గురువారం కోసిన నాలుగు కాళ్ళూ నాలుగు పొడవులు వచ్చాయి. రంపం నా చేతిలో కత్తిలా పోతుందనుకున్నాను. పోలేదు. మాంసం దారి ఇస్తుంది, పైన్ చెక్క ఇవ్వదు, దాని పొర దానికుంటుంది. రెండో గురువారం కాళ్ళు సమం చేశాను. మూడో గురువారం అడ్డపట్టీలని కాళ్ళ పక్కలకి ఆనించి స్క్రూలు బిగించాను. అరచేతులు బొబ్బలెక్కాయి. చెప్పొద్దూ, సంతోషంగా ఉంది.

రంపం ఆగింది. క్లారీ నా బల్ల వైపు చూసి సాల్వుతో ఏదో అన్నాడు. ఎవరూ తనతో మాట్లాడని చోట ఇరవై నాలుగేళ్ళు ఉన్న మనిషి గొంతు అలాగే అయిపోతుందేమో, గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు. సాల్వు తల గోక్కుంటూ వచ్చాడు.

"అతనేమంటున్నాడంటే..."

"ఎవరతను?"

"అబ్బ, నోరీన్. సరే, ఆ గోడ అంటోంది. గోడ మాట వినొచ్చుగా?"

"వింటా, చెప్పు."

"ఈ స్క్రూలు మొయ్యవుట. స్క్రూ పట్టుకుంటుంది గానీ మొయ్యదుట. నీళ్ళు నిండితే పావు టన్ను పైనే ఉంటుంది, ఎద్దు కళేబరమంత. అడ్డపట్టీ వచ్చి కాలి నెత్తిన కూర్చోవాలిట. చెక్క మీద చెక్క."

"కాలికి ఎన్ని కొట్టానో లెక్కపెట్టావా? పన్నెండు. నాలుగు కాళ్ళకి నలభై ఎనిమిది. ఒక్కటి మొయ్యలేదు, నిజమే. నలభై ఎనిమిదీ కలిస్తే ఎందుకు మొయ్యవు? ఆ గోడకి చెప్పు సాల్వు, కలిసి నిలబడితే ఏమవుతుందో దానికేం తెలుసని. తొమ్మిదో వారంలోనే పారిపోయింది కదా."

షెడ్డులో ఉన్న ఆరుగురూ చేతిలో పని చూసుకున్నారు. క్లారీ మళ్ళీ రంపం వేశాడు.

తర్వాతి గురువారం నా బల్ల మీద నాలుగు చెక్క దిమ్మలు ఉన్నాయి. నా స్టాండు కొలతకి సరిగ్గా కోసినవి, పట్టీల కిందికి దూర్చి కాళ్ళకి అతికిస్తే చాలు. ఎవరు కోశారో అడగనక్కర్లేదు. నాలుగూ తీసి ముక్కల పీపాలో పడేశాను, అతను చూస్తుండగా. సాల్వు వ్యానులో స్టాండు ఇంటికి చేర్చాడు.

జూలై చివరి ఆదివారం. మాకది చలికాలం. పడమటి గాలి, ఎండ. మా ఇల్లు గుంజల మీద కట్టిన పాత చెక్క ఇల్లు, నేల కొంచెం వాకిలి వైపు వాలి ఉంటుంది. స్టాండు ముందు గదిలో పెట్టి, దాని మీద తొట్టి ఎక్కించి, కంకర పోసి, కిటికీలోంచి వాననీళ్ళ గొట్టం లోపలికి లాగాను. సగం నిండగానే చేపని బకెట్లో తెచ్చి వదిలేశాను. నిండేదాకా ఆగాల్సింది. ఆల్మాకి ఫోన్ చేసి, దిగింది, తిరుగుతోంది అని చెప్పాలని నా తొందర. చెప్పాను కూడా.

"ఎలా ఉంది వెధవ?" అంది ఆల్మా.

"మూలకి పోయి గుర్రుగా చూస్తోంది."

"అదే దాని మొహం," అని నవ్వింది. తుంటి విరిగాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు.

ఫోన్ పెట్టేశాక ఏదో టిక్కుమంది. తర్వాత ఇంకొకటి. నా వేళ్ళ కణుపులేమో అనుకున్నాను. చూస్తే ముందు అడ్డపట్టీ స్క్రూల గీత వెంట నెర్రె విచ్చుతోంది, పండిన చిక్కుడుకాయలా. తొట్టి నా వైపు ఒక వేలు ఒరిగింది. ఆలోచించలేదు. కింద కూర్చుని వీపుని పట్టీకి ఆనించి, కాళ్ళు ఎదురుగా ఉన్న గోడకి తన్నిపెట్టాను. బరువు నడుము మీదికి దిగింది. తలకి పక్కనే, గాజు అవతల, మేనేజర్ మీసాలు కదిలిస్తూ ఉంది.

ఫోన్ ఏప్రన్ జేబులో ఉంది. సాల్వుకి చేశాను. ఎత్తలేదు, మనవరాలి బాప్తిస్మం. పక్కన రెండిళ్ళవాళ్ళూ గనుల్లో పనికి పోయి నెలకోసారి వచ్చేవాళ్ళు. ఒక చేప కోసం ఫైరింజను పిలవడానికి నాకు సిగ్గేసింది. ఇంకెవరున్నారని జాబితా పైకీ కిందికీ జరిపాను. నలభై మంది పేర్లున్నాయి. సగం మంది చచ్చిపోయారు. చచ్చిపోయిన వాళ్ళని నేను తీసెయ్యను. మిగతా సగం బ్రిస్బేన్‌లో, టౌన్స్‌విల్‌లో, పిల్లల దగ్గర. ఊళ్ళో, పది నిమిషాల దూరంలో, ఇంకొక్క మనిషి నెంబరూ లేదు. చివర్లో ఒకటుంది: 'షెడ్డు తాళం.' తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళ నెంబరు రాసుకోమని సాల్వు పోరితే, పేరు రాయకుండా రాసుకున్నది.

నొక్కాను. రెండో రింగుకి ఎత్తాడు. మాట్లాడలేదు. నేనే మాట్లాడాలి, అది అతనికి తెలుసు. ఊపిరి వినపడుతోంది.

"క్లారీ," అన్నాను.

ఫోన్ని చెవికి ఇంకాస్త నొక్కుకున్నాను.

"నోరీన్ని. స్టాండు పోతోంది."

"ఎటు?"

"ముందుకి. వీపు పెట్టి ఆపా."

"నీళ్ళ గొట్టం కట్టేశావా?"

కట్టెయ్యలేదు. నెత్తి మీద ఇంకా పారుతూనే ఉంది. పావు టన్ను చాలదన్నట్టు నేనే దానికి ఇంకా బరువెక్కిస్తున్నాను.

"దాన్ని ముందు లాగిపారెయ్. కదలకు. వస్తున్నా."

గొట్టాన్ని చేత్తో లాగితే నేల మీద పడి నా పక్కగా వాకిలి వైపు పారింది. అలా తడిలో కూర్చుని ఎంతసేపున్నానో తెలీదు. అతని బండి చప్పుడు వినపడ్డాక భయం వేసింది, అంతవరకు వెయ్యలేదు. తలుపు దగ్గర ఆగాడు.

"రానా?" అని అడిగాడు.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి, చేతిలో కారు జాకీ, చంకలో రెండు దిమ్మలు, గడప బయట నిలబడి అడిగాడు. ఆ గడప తొక్కకూడదని చెప్పింది నేను కాబట్టి.

"రా."

జాకీ నా పక్కన పెట్టి పట్టీని ఎత్తాడు. వీపు మీంచి బరువు లేచింది. గొట్టం ఒక చివర తొట్టిలో ముంచి, ఇంకో చివర నోట్లో పెట్టి పీల్చి, నీళ్ళు ఉమ్మేసి, కిటికీలోంచి బయటికి వదిలాడు. మేనేజర్ని బకెట్లో పట్టి మళ్ళీ స్నానాల తొట్టిలో వేశాను. ముప్పావు గంట పట్టింది. ఇద్దరం పది మాటలు కూడా మాట్లాడుకోలేదు.

చివర్లో విరిగిన పట్టీ చేత్తో తడిమాడు. "పన్నెండూ ఒకే గీత మీద కొట్టావు. చెక్క ఆ గీత వెంటే చీలింది. బెజ్జాలు కూడా వెయ్యలేదు ముందు."

"చెప్పావుగా."

"గోడ చెప్పింది," అన్నాడు.

దీంట్లోంచి నీతి ఏరుకునేవాళ్ళుంటారు, వాళ్ళకిప్పుడే చెప్తున్నా. మనుషులు స్క్రూలు కారు. నలభై ఎనిమిది మంది కలిస్తే మొయ్యగలరు, నేను చూశాను, నేను మోయించాను. చెక్క సంగతి నాకు తెలియలేదు, అంతే.

బుధవారం ఆల్మా దగ్గరికి వెళ్ళాను. స్టాండు సరిగ్గా కుదర్లేదు, చేప మళ్ళీ స్నానాల తొట్టిలో ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పలేదు.

రెండు గురువారాలు క్లారీ పక్కన పనిచేశాను. ఈసారి పాత గట్టి కలప, ఎవరిదో వరండా పడగొడితే వచ్చినది. కాలి తలలో సగం మందం ఉలితో చెక్కి, పట్టీని ఆ గూట్లో కూర్చోబెట్టాలి. నేను చెక్కిన మొదటి గూడు వదులైంది. మళ్ళీ కోయమన్నాడు. మళ్ళీ కోశాను. మేమిద్దరం కలిసి పనిచెయ్యడం చూసి ఎదుటి బల్లల దగ్గర జనం పలచబడ్డారు. ఆ రెండో గురువారం టీ తాగేటప్పుడు సాల్వు ఒక్కడే మా దగ్గర కూర్చున్నాడు. అతనూ లేచి వెళ్ళాక అడిగాను.

"ఎందుకు పోయావు లోపలికి?"

"ఇరవై నాలుగేళ్ళకి అడుగుతున్నావా?"

"అడుగుతున్నా."

క్లారీ ఉలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు. "జాయిస్‌కి జబ్బని చెప్తే నీకు తేలిగ్గా ఉంటుందేమో. అప్పటికి దానికి ఏ జబ్బూ లేదు. విసుగొచ్చింది నోరీన్. రోజూ పొద్దున్నే గేటు ముందు ఆ పీపా మంట దగ్గర నిలబడి నీ ఉపన్యాసం వినీ వినీ విసుగొచ్చింది."

"అది తప్పు."

"ఊఁ," అన్నాడు. "ఆ చివర పట్టుకో."

అతను తప్పే చేశాడు. ఆ మాట ఇప్పుడూ అంటాను, అతని మొహం మీదే అన్నాను. కానీ నాకేదో పెద్ద కారణం కావాలనిపించింది. ఇరవై నాలుగేళ్ళ శిక్షకి సరిపడా కారణం. అతని దగ్గర లేదు.

ఆ తర్వాతి బుధవారం వెళ్ళేసరికి ఆల్మా చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, జుట్టు దువ్వుకుని.

"ఆ ఆదివారం మీ వాకిట్లో ఎవరి బండి?" అంది.

పట్టపగలు నిలబెట్టిన బండి. మా ఊరికి అంతకంటే అక్కర్లేదు. "క్లారీది. తొట్టి పడబోయింది ఆల్మా. చేప అందులో ఉంది. దగ్గర్లో ఎవరూ..."

"నువ్వే పిలిచావా?"

"నేనే."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టే."

"జాయిస్‌ని పాతిపెట్టిన రోజు నన్ను రోడ్డుకి ఇవతలే నిలబెట్టావు," అంది. గొంతు పెంచలేదు. "నా చెల్లెలు. దాని పెట్టె మోసుకెళ్ళేవాళ్ళు చాలక శవపేటికల కంపెనీవాళ్ళే మోశారు. నేను బస్టాపులో నిలబడి చూశాను. నువ్వు చేప కోసం ఫోన్ చేశావు."

నేను నిలబెట్టలేదు అనొచ్చు. ఒక్క మాట కూడా అనలేదు నేను ఆ రోజు. పదకొండేళ్ళ కిందట, చర్చికి ఎదుటి బస్టాపులో, ఎవరెవరు లోపలికి పోతారో చూడ్డానికి నిలబడ్డాను. ఆల్మా నల్ల గౌను వేసుకుని వచ్చింది. రోడ్డు దాటబోతూ నన్ను చూసింది. నేను చూశాను, అంతే. ఆమె అడుగు వెనక్కి తీసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు నాకు గర్వంగా ఉంది. అదీ నిజం.

"ఆల్మా," అన్నాను.

ఆమె కుర్చీ చక్రాలు తిప్పుకుని కిటికీ వైపు తిరిగింది. అంతే. అది ఎలా చెయ్యాలో ఊరికి నేర్పింది నేనే కాబట్టి, పూర్తయిందని నాకు వెంటనే తెలిసింది.

స్టాండు ఆగస్టు రెండో వారంలో ముందు గదిలో కూర్చుంది. నేల వాలుకి రెండు కాళ్ళ కింద పలచటి చీలికలు కొట్టి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాను. అందులో ఇనుము చాలా తక్కువ. అంచుదాకా నీళ్ళు నింపి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవి ఆనించి కూర్చున్నాను. చప్పుడు లేదు. క్లారీ చూడ్డానికి రాలేదు, నేనూ పిలవలేదు. మేమేం స్నేహితులం కాలేదు. ఎదురుపడితే తలాడిస్తాడు, నేనూ ఆడిస్తాను. కసాయి కొట్లో పాత సమ్మెవాళ్ళ పిల్లలు నన్ను చూసి ఫోన్ తీసి చూసుకుంటారు. ఒక్కోసారి వారం మొత్తంలో నేను మాట్లాడేది కొట్లో పిల్లతో 'సంచీ వద్దమ్మా' అన్న మాటే.

బుధవారాలు మాత్రం వెళ్తూనే ఉన్నాను. ఆల్మా కిటికీ వైపు తిరుగుతుంది. నేను గంటసేపు కూర్చుని వస్తాను. మొదట్లో నేనూ ఊరుకునేదాన్ని. ఆగస్టు దాటి చలి తగ్గి, మామిళ్ళు పూతకొచ్చేసరికి ఊరుకోవడం నావల్ల కాలేదు.

"మేనేజర్ కంకర తోడుతోంది," అన్నాను ఆ వీపుతో. "మూతితో తోస్తోంది, తోకతో ఊడుస్తోంది. మధ్యలో గుంట, చుట్టూ గట్టు. జబ్బేమోనని భయపడ్డా. లైబ్రరీకెళ్ళి పుస్తకం తీసి చూశా. గూడు కడుతోందిట ఆల్మా. ఎండలొచ్చే ముందు మగజెల్లలు కడతాయిట, ఆడది వచ్చి గుడ్లు పెట్టడానికి."

కిటికీ బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. ఆల్మా కదలలేదు.

"ఆ తొట్టిలో ఇంకో చేప లేదు, వచ్చే దారీ లేదు. అయినా రోజంతా అదే పని. మూడు రోజులుగా రొయ్య కూడా సరిగ్గా తినడం లేదు."

యంత్రం ఆగింది. గదిలో గడియారం వినపడింది. ఆమె తిరగలేదు. నా కుర్చీని మంచం చుట్టూ లాక్కొచ్చి కాస్త దగ్గరగా వేసుకుని, గూడు ఎంత వెడల్పు ఉందో, గట్టు ఎన్ని వేళ్ళ ఎత్తు లేచిందో చెప్పడం మొదలుపెట్టాను.